పెంపుడు జంతువులకు టీకాలు: ఇంటికీ రక్ష, వీధికీ రక్ష

పల్లెలో కుక్క వాకిటి కాపరి. అది అరుగు మీదనో, పశువుల పాక దగ్గరో పడుకొంటుంది. నగరంలో అదే కుక్క ఇంటిలోనికి వస్తుంది. రెండు గదుల అద్దె ఇంటిలో పసిపిల్లల పడక పక్కనే నిద్రిస్తుంది, వంటగది గుమ్మం దగ్గర కూర్చుంటుంది, మేడమెట్ల మీద ఇరుగుపొరుగు పిల్లలతో ఆడుకొంటుంది. మనిషికీ జంతువుకూ మధ్య దూరం తగ్గిన కొద్దీ ప్రేమ పెరుగుతుంది. దానితోపాటు బాధ్యత కూడా పెరుగుతుంది. ఆ బాధ్యతలో మొదటిది, ఎన్నడూ వాయిదా వేయకూడనిది, టీకా.

సంక్రాంతికి సొంత ఊరు వెళ్లి వచ్చేటప్పుడు బుట్టలో పెట్టుకొని తెచ్చిన కుక్కపిల్ల ఒకటి. వానలో తడుస్తున్నదని పిల్లలు జాలిపడి వీధి నుంచి ఎత్తుకొచ్చినది మరొకటి. అంగడిలో వేల రూపాయలు పోసి కొన్న జాతి కుక్కపిల్ల ఇంకొకటి. ఇంటివారి దృష్టిలో ఈ మూడూ వేరువేరు. వైరస్‌కు మాత్రం వీటి మధ్య భేదం లేదు. టీకా పడనిదేదైనా దానికి ఒక్కటే. కుక్కలకూ పిల్లులకూ ప్రాణాంతకమైన వైరస్ వ్యాధులు ఏవి, వాటికి టీకాలు ఎప్పుడెప్పుడు వేయించాలి, టీకా పత్రాన్ని ఎట్లా కాపాడుకోవాలి, కాటు పడితే వెంటనే ఏమి చేయాలి అన్న విషయాలను ఈ పాఠం క్రమంగా వివరిస్తుంది.

రేబిస్: పేరు పాతది, ప్రమాదం నేటిది

తెలుగువారు పిచ్చికుక్క కాటు అని చెప్పుకొనే వ్యాధినే వైద్యులు రేబిస్ అంటారు. సంస్కృతంలో పిచ్చిపట్టిన కుక్కకు అలర్కమని పేరు. సుశ్రుత సంహిత ఈ రోగికి కలిగే నీటిభయాన్ని జలత్రాసమని పేర్కొని, దానిని మరణసూచకంగా చెప్పింది. అనేక శతాబ్దాలు గడిచినా ఆ మాటలోని సత్యం మారలేదు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడిన తరువాత మనిషిగాని జంతువుగాని బతకడం దాదాపు అసంభవం. మారినదల్లా ఒక్కటే: లక్షణాలు బయటపడక ముందే దానిని ఆపగల సాధనం నేడు మనిషి చేతిలో ఉంది.

ఈ వైరస్ రోగగ్రస్త జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు వల్ల, గోటి గీరు వల్ల, పుండు మీద నాకడం వల్ల అది శరీరంలో ప్రవేశిస్తుంది. ప్రవేశించిన తరువాత రక్తంలో కాక నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారం రోజులే చాలవచ్చు, ఒక్కొక్కప్పుడు ఏడాది కూడా పట్టవచ్చు. తల, ముఖం, మెడ, చేతివేళ్ల మీద కాటు పడినప్పుడు ప్రమాదం ఎక్కువ. కాటు పడిన నాటికీ వ్యాధి బయటపడే నాటికీ నడుమ ఉన్న ఈ వ్యవధే మనిషికి దొరికే అవకాశం. దానిని పోగొట్టుకొన్నవారికి తరువాత ఏ ఆసుపత్రి అయినా చేయగలిగినది అత్యల్పం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వల్ల ఏటా ప్రపంచంలో సుమారు 59,000 మంది మరణిస్తున్నారు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి 2022–23 సంవత్సరాలలో 15 రాష్ట్రాలలో జరిపిన సర్వే ఆధారంగా దేశంలో ఏటా సుమారు 91 లక్షల జంతు కాట్లు, సుమారు 5,700 రేబిస్ మరణాలు సంభవిస్తున్నాయని లెక్కకట్టారు. కాటుకు గురైన వారిలో దాదాపు ఐదో వంతు మంది ఒక్క టీకా కూడా వేయించుకోలేదని అదే సర్వే తెలిపింది. ఈ మరణాలన్నీ నివారించదగినవే కావడం ఈ అంకెలలోని అసలు విషాదం.

బొడ్డు చుట్టూ సూదులు: ఒక పాత భయం

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారన్న మాట తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ భయంతోనే ఆసుపత్రికి వెళ్లకుండా పసరు మందుకో మంత్రానికో వెళ్లేవారు ఉన్నారు. ఈ మాట పుట్టుకకు ఒక చరిత్ర ఉంది.

1885 జూలై 6వ తేదీన ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు తొలిసారి రేబిస్ టీకా ఇప్పించారు. ఆ బాలుడు బతికాడు. భారతదేశంలో కసౌలిలోనూ, 1907లో నీలగిరులలోని కూనూరులోనూ పాశ్చర్ సంస్థలు వెలిశాయి. దక్షిణాది ప్రజలకు చిరకాలం కూనూరే కుక్కకాటు చికిత్సకు ఆధారం. కసౌలిలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడు కణజాలం నుంచి ఒక టీకాను రూపొందించారు. పెద్దలు చెప్పుకొనే పొట్ట మీది సూదులు ఆ టీకావే. వాటి వల్ల నొప్పి ఎక్కువ, కొందరిలో నాడీమండలానికి సంబంధించిన దుష్ఫలితాలు కూడా కలిగేవి. 2004 చివరి నుంచి మన దేశంలో ఆ టీకా వాడకం ఆగిపోయింది. ఇప్పుడిచ్చేది కణవర్ధన పద్ధతిలో తయారైన శుద్ధమైన టీకా. దానిని భుజానికి వేస్తారు, మోతాదులు నాలుగైదుకు మించవు. కాబట్టి బొడ్డు చుట్టూ సూదుల భయంతో ఆసుపత్రికి దూరంగా ఉండవలసిన అవసరం ఇక లేదు.

కుక్కపిల్లలను కబళించే మరి రెండు వైరస్‌లు

రేబిస్ మనిషికీ కుక్కకూ ఉమ్మడి శత్రువు. పార్వో, డిస్టెంపర్ అనేవి మనిషికి వ్యాధి కలిగించవు గాని, కుక్కపిల్లలను మాత్రం వేగంగా చంపుతాయి. ఇంటికి వచ్చిన వారం పది రోజులలోనే కుక్కపిల్ల వాంతులు చేసుకొని మరణించిందంటే చాలా ఇళ్లలో దృష్టి తగిలిందని అనుకొంటారు. దిష్టి తీయడం వల్ల నష్టం లేదు. కానీ దాని కోసం ఒక పూట ఆలస్యం చేస్తే అది ప్రాణానికే ముప్పు.

పార్వో వైరస్ 1978 ప్రాంతంలో తొలిసారి వెలుగులోకి వచ్చి, కొద్దికాలంలోనే ప్రపంచమంతా వ్యాపించింది. ఇది పేగుల లోపలి పొరను ధ్వంసం చేస్తుంది. కుక్కపిల్ల తిండి మానివేయడం, నీరసించడం, ఆగని వాంతులు, దుర్గంధంతో కూడిన నెత్తుటి విరేచనాలు దీని గుర్తులు. ఒంటిలోని నీరు పోయి ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. ఈ వైరస్ చాలా మొండిది. నేల మీద, గోనెపట్టాల మీద, చెప్పుల అడుగున నెలల తరబడి నిలిచి ఉంటుంది. మామూలు సబ్బుకు, ఫినాయిలుకు ఇది లొంగుతుందని నమ్మరాదు. క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ ద్రావణం దీనిని నశింపజేస్తుంది. పార్వోతో ఒక కుక్కపిల్ల మరణించిన ఇంటికి వెంటనే మరొక పిల్లను తేవడం, అది కూడా టీకాలు పూర్తి కాకుండా తేవడం, ఆ రెండవదానిని కూడా అదే ప్రమాదంలోకి నెట్టడమే.

డిస్టెంపర్ వైరస్ మనుషులలో తట్టు కలిగించే వైరస్‌కు దగ్గరి చుట్టం. జ్వరం, కంటి పుసులు, చిక్కని చీమిడి, దగ్గుతో మొదలై కొన్ని వారాలకు మెదడును తాకుతుంది. అప్పుడు తల అదరడం, కాళ్లు కొట్టుకోవడం, మూర్ఛలు కనిపిస్తాయి. బతికి బయటపడిన కుక్కలలో కూడా ఆ అదురు కొన్నింటికి జీవితాంతం మిగిలిపోతుంది. ఈ రెండు వ్యాధులకూ వైరస్‌ను చంపే ఖచ్చితమైన మందు లేదు. సెలైను ఎక్కించడం, ఇతర ఇన్ఫెక్షన్లు ముదరకుండా చూడడం వంటి ఆదరువు చికిత్స మాత్రమే ఉంది. దానికి అయ్యే ఖర్చు టీకా ఖర్చుకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఫలితం మాత్రం నిశ్చయం కాదు.

ఏ వయసులో ఏ టీకా

పుట్టిన కుక్కపిల్లకు తల్లి తొలిపాల ద్వారా కొంత రక్షణ లభిస్తుంది. ఆ రక్షణ కొన్ని వారాలలో క్రమంగా తగ్గిపోతుంది. అది బలంగా ఉన్నంతకాలం బయటినుంచి ఇచ్చే టీకాను అది పనిచేయనివ్వదు. అది పూర్తిగా తగ్గిన తరువాత టీకా ఆలస్యమైతే పిల్లకు ఏ రక్షణా ఉండదు. ఏ పిల్లలో ఏ వారం ఈ మార్పు జరుగుతుందో చూసి చెప్పడం సాధ్యం కాదు. అందుచేతనే ఒకే టీకాను కొన్ని వారాల ఎడంతో పలుమార్లు వేస్తారు. ఒకసారి వేయించాము, సరిపోయిందిలే అనుకోవడం ఈ కారణం తెలియక చేసే పొరపాటు.

పార్వో, డిస్టెంపర్, కుక్కల కామెర్లకు కారణమయ్యే అడినో వైరస్‌లకు కలిపి వేసే టీకాను పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెడతారు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వేస్తూ, చివరి మోతాదు 16 వారాల వయసులోగాని ఆ తరువాతగాని పడేటట్లు చూస్తారు. రేబిస్ టీకాను మూడు నెలల వయసులో వేస్తారు. చాలామంది పశువైద్యులు ఒక నెల తరువాత దానిని మరొకసారి వేయిస్తారు. ఆపైన ఏటేటా వేయించడం మన దేశంలో అనుసరించే పద్ధతి. పెద్ద కుక్కను దత్తత తెచ్చుకొన్నప్పుడు దానికి గతంలో టీకాలు పడ్డాయో లేదో తెలియకపోతే, పడలేదనే భావించి మొదటినుంచి ప్రారంభించడమే మేలు.

టీకా వేసిన మరుక్షణమే రక్షణ కలగదు. శరీరం తన బలాన్ని సమకూర్చుకోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. మొదటి వరుస టీకాలు పూర్తయ్యేవరకూ కుక్కపిల్లను వీధిలో తిప్పడం, ముక్కు మొహం తెలియని కుక్కల దగ్గరకు పోనివ్వడం మంచిది కాదు. జ్వరంగా ఉన్న పిల్లకు, విరేచనాలతో బాధపడుతున్న పిల్లకు టీకా వేయించకుండా ముందు వైద్యం చేయించాలి. నులిపురుగుల మందు ముందుగా తాగించవలసి ఉంటుందేమో పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి. టీకా వేసిన చోట కొద్దిపాటి వాపు, ఒక రోజు మందకొడితనం సహజం. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లాలి. టీకా వేసిన తరువాత ఒక అరగంట ఆసుపత్రి ఆవరణలోనే ఉండడం ఇందుకే.

టీకా మందును రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచాలి. మండుటెండలో మందును చేతిసంచిలో పెట్టుకొని వీధివీధి తిరుగుతూ తక్కువ ధరకు సూది వేస్తామనేవారి దగ్గర ఆ చల్లదనం నిలిచి ఉందో లేదో తెలియదు. చెడిన మందు వేయించడం టీకా వేయించకపోవడం కన్నా ఒక విధంగా ప్రమాదకరం. రక్షణ లేకపోయినా ఉన్నదన్న ధీమాను అది కలిగిస్తుంది.

పిల్లులు, కుందేళ్లు

పిల్లికి కూడా రేబిస్ వస్తుంది, పిల్లి కాటు వల్ల కూడా మనిషికి రేబిస్ సోకుతుంది. కనుక పెంపుడు పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లులలో పార్వో జాతికే చెందిన పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక వ్యాధికీ, జలుబును పోలిన మరి రెండు వైరస్ వ్యాధులకూ కలిపి వేసే టీకా వేరుగా ఉంది.

ఈమధ్య నగర గృహాలలో కుందేళ్లను పెంచడం కూడా పెరిగింది. కుందేళ్లకు మిక్సోమటోసిస్, రక్తస్రావ వ్యాధి అనే రెండు మారక వైరస్ వ్యాధులు ఉన్నాయి. మొదటిదానిని 1950లో ఆస్ట్రేలియాలో అడవి కుందేళ్ల సంఖ్యను తగ్గించడానికి కావాలనే వదిలారు. రెండవది 1984లో చైనాలో తొలిసారి బయటపడింది. ఐరోపా దేశాలలో పెంపుడు కుందేళ్లకు ఈ రెండింటికీ టీకాలు వేయించడం ఆనవాయితీ. ఇక్కడ కుందేలు పెంచేవారు తమ ప్రాంతంలో ఏ టీకా అవసరమో పశువైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. బోను శుభ్రంగా ఉంచడం, దోమలనూ ఈగలనూ రానివ్వకపోవడం, కొత్తగా తెచ్చిన కుందేలును కొన్నాళ్లు విడిగా ఉంచడం ఎవరైనా ఈ రోజే చేయగల పనులు.

టీకా పుస్తకం, లైసెన్సు

టీకా వేయించినప్పుడు పశువైద్యుడు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అందులో జంతువు వర్ణన, టీకా పేరు, వేసిన తేదీ, తరువాత వేయించవలసిన తేదీ, వైద్యుని సంతకం, ముద్ర ఉండాలి. మందు సీసా మీది చీటీని ఆ పుటలో అతికిస్తారు. దాని మీద తయారీ సంఖ్య, గడువు తేదీ ఉంటాయి. చీటీ అతికించకపోతే అడిగి అతికింపజేసుకోవడం యజమాని హక్కు.

చెన్నై, బెంగళూరు, ముంబయి వంటి నగరాలలో పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థ నుంచి లైసెన్సు తీసుకొనే విధానం ఉంది. రేబిస్ టీకా ధ్రువపత్రం లేనిదే లైసెన్సు రాదు. ఇతర పట్టణాలలో నియమాలు వేరుగా ఉండవచ్చు గనుక వార్డు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు జంతువుకు టీకాలు వేయించే బాధ్యత యజమానిదే. పుస్తకం ఏ భాషలో ఉన్నా అందులోని తేదీలను ఇంటిలోని క్యాలెండరు మీద తెలుగులో రాసిపెట్టుకొంటే గడువు మరిచిపోయే అవకాశం తగ్గుతుంది. ఉద్యోగం వల్ల ఊరు మారినవారు, ఇల్లు మారినవారు సామానుతోపాటు మొదట సర్దుకోవలసిన కాగితాలలో ఇది ఒకటి. రైలులో కుక్కను తీసుకొని వెళ్లేటప్పుడు కూడా ఈ పత్రం చేతిలో ఉండాలి.

ప్రభుత్వ పశువైద్యశాలలలో రేబిస్ టీకాను ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో వేస్తారు. పాశ్చర్ మరణించిన సెప్టెంబర్ 28వ తేదీని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు. ఆ రోజులలో అనేక పట్టణాలలో ఉచిత శిబిరాలు జరుగుతాయి.

వీధి కుక్కలు, డెబ్బై శాతం లెక్క

ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకాలు పడితే రేబిస్ ఒకదాని నుంచి మరొకదానికి పాకే గొలుసు తెగిపోతుందని నిపుణులు నిర్ధారించారు. గోవా రాష్ట్రం ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేయించి, బడిపిల్లలకు పాఠాలు చెప్పించి, 2021లో దేశంలోనే తొలి రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటన పొందింది. ఏం చేస్తే ఫలితం దక్కుతుందో ఆ అనుభవం చూపింది.

వీధి కుక్కలకు సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసే పని పురపాలక సంఘాలది. అట్లా శస్త్రచికిత్స జరిగిన కుక్క చెవి కొన మీద గంటు ఉంటుంది. పురపాలక బృందం వీధికి వచ్చినప్పుడు కుక్కలను దాచివేయడంగాని, తరిమివేయడంగాని చేయకుండా రోజూ అన్నం పెట్టేవారు ముందుకు వచ్చి వాటిని పట్టించి ఇవ్వడం వీధి మొత్తానికి మేలు. అన్నం పెట్టే చేతికి ఆ కుక్క మచ్చికగా వస్తుంది. బృందానికి అంతకన్నా సహాయం వేరొకటి లేదు.

కాటు పడితే మొదటి పదిహేను నిమిషాలు

కాటు చిన్నదైనా, గోరు గీరినదైనా, కరిచినది పెంపుడు కుక్కయే అయినా ఈ క్రమం మారదు.

మొదట ధారగా పడే నీటి కింద గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పంపు లేకపోతే చెంబుతో పోస్తూ కడగాలి. గాయంలో ఉన్న వైరస్‌ను చాలావరకు ఈ పనే తొలగిస్తుంది. తరువాత పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమినాశకం పూయవచ్చు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, కిరోసిన్, ఆకు పసరు ఏవీ పెట్టరాదు. అవి గాయాన్ని రేపి వైరస్‌ను లోపలికి పోనిస్తాయి. బిగించి కట్టు కట్టరాదు. కుట్లు వేయాలా వద్దా అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

తరువాత అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యులు గాయాన్ని మూడు తరగతులుగా విభజిస్తారు. చెక్కుచెదరని చర్మాన్ని జంతువు నాకడం, ముట్టుకోవడం మొదటి తరగతి. దీనికి టీకా అవసరం లేదు. నెత్తురు రాని గీరు, పళ్లు ఆనిన గుర్తు రెండవ తరగతి. దీనికి టీకా వేస్తారు. నెత్తురు వచ్చిన కాటు, పుండు మీద నాకడం, కంటిలో నోటిలో లాలాజలం పడడం మూడవ తరగతి. దీనికి టీకాతోపాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కిస్తారు. టీకా శరీరంలో రక్షణను తయారు చేసేలోగా ఈ మందు కాపుగా నిలుస్తుంది. మూడవ తరగతి గాయమైతే ఈ మందును అడిగి వేయించుకోవడం మరువరాదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు కూడా ఈ చికిత్స ఇస్తారు.

కరిచిన కుక్కను చంపరాదు, తరిమివేయరాదు. పది రోజులు దానిని గమనించాలి. రేబిస్ ఉన్న కుక్క లాలాజలంలో వైరస్ వెలువడడం మొదలైన తరువాత పది రోజులలోపే సాధారణంగా జబ్బుపడి మరణిస్తుంది. అయితే ఆ పది రోజులు చూసి తరువాత టీకా మొదలుపెడదామనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. టీకాను వెంటనే మొదలుపెట్టాలి. కుక్క ఆరోగ్యంగా ఉందని తేలితే తక్కిన మోతాదుల విషయం వైద్యుడు చెబుతారు. కుక్క నీళ్లు తాగుతోంది కనుక దానికి రేబిస్ లేదనుకోవడం కూడా తప్పు. నీటిభయం మనుషులలో కనిపించే లక్షణం, కుక్కలలో కాదు. టీకాలన్నీ పడిన కుక్క కరిచినా వైద్యునికి చూపించి ఆయన చెప్పినట్లే నడుచుకోవాలి.

ఊరు మారినా మోతాదు మానరాదు

చర్మంలో వేసే పద్ధతిలో టీకాను మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజులలో వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కిస్తారు. కండలో వేసే పద్ధతిలో 14వ రోజు కూడా చేరుతుంది. గతంలో పూర్తి వరుస వేయించుకొన్నవారికి మళ్లీ కాటు పడితే సాధారణంగా రెండు మోతాదులే చాలు. అందువల్లనే పాత చీటీని కూడా దాచుకోవాలి.

వలస కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. షోలాపూరులో మగ్గం పని చేసుకొనేవారో, బెంగళూరులో కట్టడపు పనికి వచ్చినవారో రెండు మోతాదులు వేయించుకొన్న తరువాత పెళ్లికో పండుగకో సొంత ఊరికి వెళతారు. మూడవ మోతాదు అక్కడ వేయరేమోనని, తిరిగి వచ్చాక వేయించుకొందామని వాయిదా వేస్తారు. అట్లా వాయిదా వేయవలసిన అవసరం లేదు. మొదలుపెట్టిన టీకా వరుసను మరొక ఊరి, మరొక రాష్ట్రపు ప్రభుత్వ ఆసుపత్రిలో కొనసాగించవచ్చు. చీటీ చూపిస్తే చాలు. బరంపురంలో మొదలుపెట్టినది శ్రీకాకుళంలోనూ, యానాంలో మొదలుపెట్టినది కాకినాడలోనూ పూర్తి చేసుకోవచ్చు.

పిల్లలు చెప్పరు

కుక్కకాటుకు గురయ్యేవారిలో 15 ఏళ్లలోపు పిల్లల సంఖ్య ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అది 40 శాతం. పిల్లల ఎత్తు తక్కువ గనుక కాటు ముఖానికీ మెడకూ తగులుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం వారి మౌనం. వీధిలో ఆడవద్దని చెప్పినా ఆడారని అమ్మ తిడుతుందనో, నాన్న కొడతారనో పిల్లలు చిన్న గీరును చొక్కా చేతి కింద దాచుకొంటారు. తల్లిదండ్రులు ఇద్దరూ పనికి పోయే ఇళ్లలో దానిని చూసేవారు కూడా ఉండరు. నెలల తరువాత లక్షణాలు బయటపడినప్పుడు చేయగలిగినది ఏదీ మిగలదు.

అందుచేత ప్రతి ఇంటిలోనూ పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కుక్కగాని పిల్లిగాని కోతిగాని కరిచినా గీరినా ఆ రోజే చెప్పాలి, చెప్పినందుకు ఎవరూ తిట్టరు. ఆ హామీని పెద్దలు నిలబెట్టుకోవాలి కూడా. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టరాదని, కుక్క వెంటపడితే పరుగెత్తక చేతులు కట్టుకొని కదలకుండా నిలబడాలని కూడా నేర్పాలి.

బోర్డు మీది మాటలు

కొత్తగా వచ్చిన నగరంలో ఆసుపత్రి బోర్డు చదవలేక తిరిగి వెళ్లేవారు ఉన్నారు. ఈ మాటలు తెలిసి ఉంటే అడగడం సులువు.

కర్ణాటకలో టీకాను లసికె అని, కుక్కకాటును నాయి కడిత అని, పశువైద్యశాలను పశు ఆస్పత్రె అని అంటారు.

తమిళనాడులో టీకా తడుప్పూసి, కుక్కకాటు నాయ్‌క్కడి, పశువైద్యశాల కాల్నడై మరుత్తువమనై.

ఒడిశాలో టీకాను టీకా అనే అంటారు. కుక్కకాటు కుకుర కాముడా, రేబిస్ జలాతంక, పశువైద్యశాల ప్రాణీ చికిత్సాలయ.

మహారాష్ట్రలో టీకా లస, కుక్కకాటు శ్వానదంశ, పశువైద్యశాల పశువైద్యకీయ దవాఖానా.

ఎక్కడైనా ఆసుపత్రిలో యాంటీ రేబిస్ అన్న రెండు మాటలు చెబితే అర్థమవుతుంది. జంతువుల వైద్య సహాయానికి చాలా రాష్ట్రాలలో 1962 అనే ఫోను సంఖ్య ఉంది. మనుషుల అత్యవసర వైద్యానికి 108.

చదివినవారు వేసుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి కుక్కకు లేదా పిల్లికి చివరి రేబిస్ టీకా ఏ తేదీన పడింది? తరువాతిది ఎప్పుడు?

2. టీకా పుస్తకం ఎక్కడ ఉంది? ఇంటిలోని ఇతరులకు ఆ చోటు తెలుసా?

3. మన ఇంటికి దగ్గరలో యాంటీ రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ దొరికే ప్రభుత్వ ఆసుపత్రి ఏది?

4. గాయాన్ని ఎన్ని నిమిషాలు, దేనితో కడగాలో ఇంటిలోని పిల్లలు చెప్పగలరా?

5. మన వీధిలోని కుక్కలలో చెవి గంటు లేనివి ఎన్ని? ఆ సంగతి వార్డు కార్యాలయానికి తెలియజేశామా?

ఈ ఐదింటిలో దేనికి జవాబు తెలియకపోయినా, ఆ జవాబును ఈ వారంలోనే తెలుసుకోవడం మంచిది. కాటు పడిన రోజున వెతుక్కొనే వ్యవధి ఉండదు.